మద్దిలేటి వదిలిన మూడడుగులు

చట్టాన్ని మీరినందుకు నోటీసు అందుకున్నవాడు నాగలకుంట మునిసిపాలిటీలో ఒక్కడూ లేడు. మీరనందుకు అందుకున్నవాడు మాత్రం ఒకడున్నాడు. ఆయన పేరు మద్దిలేటి.

మద్దిలేటి ముప్పయ్యేళ్లుగా ఊళ్లో బేల్దారి మేస్త్రీ. నాగలకుంటలో ఎవరి మెట్లు కాలువ దాటాయో, ఎవరి వరండా రోడ్డెక్కిందో, ఎవరి మేడ పక్కింటివాడి ఎండను మింగేసిందో ఆయనకు తెలిసినట్టు దేవుడికి కూడా తెలియదు. ఆయనకు తెలియకేం, వాటిలో సగం ఆయన చేత్తో లేపినవే. ఇంటివాడు "ఇంకో అడుగు ముందుకు జరుపు మేస్త్రీ" అంటే జరిపాడు. "రోడ్డేమన్నా వాళ్లబ్బ సొత్తా" అంటే కాదని తలూపాడు. కూలి ఇచ్చేవాడు ఏది చెబితే అదే కొలత.

అలాంటి మనిషి బుద్ధి ఒక్క రోజులో మారింది. ఆయన తల్లి సాలెవీధిలో పోయింది. ఆ వీధికి అటూ ఇటూ ఉన్న మెట్లూ అరుగులూ మద్దిలేటి కట్టినవే. పాడె మలుపు తిరగలేదు. మోసేవాళ్లు కాసేపు అటూ ఇటూ జరిపి చూశారు, తిట్టుకున్నారు, చివరికి శవం నడుముకు ఇంకో తాడు బిగించి పాడెను నిలువునా లేపి దాటించారు. బతికినంత కాలం నడుము నొప్పితో నిటారుగా నిలబడలేని మనిషిని, పోయాక కొడుకు కట్టిన మెట్ల పుణ్యమా అని నిలబెట్టి మోసుకుపోయారు. ముందు నిప్పుకుండ పట్టుకుని నడుస్తున్న మద్దిలేటికి ఏడుపు కంటే సిగ్గు ఎక్కువ వచ్చింది.

అందుకని సున్నంబట్టీ వీధిలో తనకంటూ రెండు సెంట్ల స్థలం కొనుక్కుని ఇల్లు మొదలుపెట్టినప్పుడు, మునిసిపాలిటీ ఇచ్చిన ప్లాను కాగితాన్ని పంచాంగంలా ముందు పెట్టుకున్నాడు. ముందు ఐదడుగులు వదలమంటే ఐదడుగులు వదిలాడు. పక్కన మూడడుగులంటే మూడడుగులు. ఎదురింటి కుళ్లాయప్ప రోజూ టీ గ్లాసుతో వచ్చి ఆ ఖాళీని చూసి బాధపడేవాడు. కుళ్లాయప్ప ఇంటి మీద రెండో అంతస్తూ, రోడ్డు మీదికి దిగిన ఏడు మెట్లూ మద్దిలేటే కట్టాడు.

"ఏం మేస్త్రీ, నా ఇల్లు అంత గొప్పగా కడితివి, నీ ఇంటికి వచ్చేసరికి చెయ్యి పడిపోయిందా?"

"పడిపోలేదప్పా. ఇప్పుడే లేస్తాండాది" అన్నాడు మద్దిలేటి.

ఇల్లు పూర్తయింది. ఇక కావలసింది కొళాయి. సున్నంబట్టీ వీధికి మూడు రోజులకొకసారి ట్యాంకరు వస్తుంది. వీధి చివర ఆగుతుంది. మద్దిలేటి భార్య సుంకులమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఒక్కో బిందె మోసుకొచ్చి గుమ్మంలో దించినప్పుడల్లా ఆమె గోడ పట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంటుంది. మద్దిలేటి పనికి పోయిన రోజుల్లో మోత అంతా ఆమెదే. కొత్త ఇంట్లో ఆమె అడిగింది ఒకటే. గుమ్మం దాటకుండా నీళ్లు.

కొళాయి కావాలంటే ఇంటికి సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ కోసం మద్దిలేటి ప్లాను కాగితం చంకలో పెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ మొదలైంది తంతు.

సంగతేమిటంటే, అంతకు ఏడాది ముందు విశ్వంభరం గారు నాగలకుంటకు కమిషనరుగా వచ్చారు. వస్తూనే సర్వే చేయించారు. ఊళ్లో పదకొండు వేల నాలుగు వందల పదకొండు ఇళ్లుంటే అన్నీ అక్రమాలేనని తేలింది. కూలగొడితే ఊరుండదు, కూలగొట్టకపోతే చట్టం ఉండదు. కమిషనరు గారు మూడు రోజులు ఆలోచించి ఊరూ చట్టమూ రెండూ మిగిలే ఉపాయం కనిపెట్టారు. ఎవరి ఉల్లంఘనను వాళ్లు వచ్చి ఒప్పుకుంటే, దాన్ని చట్టం కూడా ఒప్పుకుంటుంది. దీనికి సంపూర్ణ క్రమబద్ధీకరణ పథకమని పేరు పెట్టారు. తప్పు చేసినవాళ్లకు తలా ఒక సర్టిఫికెట్. తప్పు చేయనివాళ్లకు సర్టిఫికెట్లిచ్చే పాత సెక్షనుకు ఏడేళ్లుగా ఒక్క దరఖాస్తూ రాలేదని దాన్ని మూసేసి, ఆ గదిలో దోమల పొగ కొట్టే మిషన్లు పెట్టారు.

కౌంటరులో కంప్యూటరు ముందున్న ప్రమీల మంచి పిల్ల. మద్దిలేటి పేరు, వీధి, స్థలం కొలత అన్నీ చకచకా కొట్టింది.

"ఉల్లంఘన ఏంది మేస్త్రీ?"

"ఏమీ ల్యామ్మా. ప్లాను ప్రకారమే కట్టినా."

ఆయన సిగ్గుపడుతున్నాడనుకుంది ప్రమీల. "పర్వాల్యా చెప్పండి. నిన్న ఒకాయన పార్కులో సగం కలిపేసుకున్నాడు, నవ్వుకుంటా చెప్పి పోయినాడు. ఈడ ఎవరూ ఏమీ అనుకోరు."

"నిజంగానే ల్యామ్మా."

ప్రమీల కంప్యూటరు కేసి చూసింది, మద్దిలేటి కేసి చూసింది. "ఇది ఖాళీగా వదిలితే ముందుకు పోదు మేస్త్రీ. మెట్లు, సజ్జ, వరండా, బాత్రూం, అదనపు అంతస్తు, కాలువ మీద కట్టడం, ఇతరములు. వీటిల్లో ఏదో ఒకటి నొక్కాల."

"‘ఏమీ లేదు’ అని ల్యాదా?"

"ఆ మాట చెప్పేటోళ్లు వస్తారని ఎవరూ అనుకోల్యా."

"అయితే మెట్లని నొక్కు తల్లీ. నా పని కావాల."

"అట్లెట్ల? ఫోటో పెట్టాల, కొలత రాయాల. లేని ఉల్లంఘన ఉందని అబద్ధం చెప్పినారంటే కేసు పెడతారు. మా కమిషనర్ సార్ అన్నిటికీ ఒప్పుకుంటాడు గానీ, అబద్ధానికి మాత్రం ఒప్పుకోడు."

మద్దిలేటి ఇంటికొచ్చి చెబితే సుంకులమ్మ మొదట నమ్మలేదు. తర్వాత నమ్మింది. నమ్మాక కోపమొచ్చింది. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, ఊళ్లో అందరికీ రోడ్డు మీదికి కట్టిస్తివే, నా కోసరం ఒక్క సజ్జ బయటికి పెట్టలేకపోతివా?"

"తప్పు జేస్తేనే నీళ్లిస్తామంటే యట్లనే?"

"తప్పు జేసినోళ్లకంతా సర్టిఫికెట్ ఇస్తాండారు గదయ్యా. నా మోకాళ్లేం పాపం జేసినాయి?"

మర్నాడు పని మానేసి ట్యాంకరు దగ్గర తానే నిలబడ్డాడు.

దరఖాస్తు ఆగిపోయిందని తెలిసి టౌన్ ప్లానింగ్ ఆఫీసరు గిరిధర్ స్వయంగా తనిఖీకి వచ్చాడు. టేపు పట్టుకుని ఇంటి చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేశాడు. సజ్జ కొలిచాడు, గడప కొలిచాడు, మరుగుదొడ్డి కిటికీ కొలిచాడు. ప్రతి కొలతకూ ముఖం వాడిపోతోంది. చివరికి కాంపౌండు గోడ దగ్గర ఆయన కళ్లు మెరిశాయి. గోడ హద్దు కంటే ఒక అంగుళం లోపలికి ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు ఆశగా.

"రోడ్డుకు ఇబ్బంది ల్యాకుండా ఒక అంగుళం లోపలికే కట్టినా సార్."

గిరిధర్ గోడ మీద టేపు పెట్టి ఆలోచనలో పడ్డాడు. "మీ స్థలంలో అంగుళం రోడ్డులో కలిసింది. అంటే ఆక్రమణ జరిగింది. కాని మీరు రోడ్డును ఆక్రమించలేదు, రోడ్డు మిమ్మల్ని ఆక్రమించింది. రోడ్డు మునిసిపాలిటీది. మునిసిపాలిటీ తన ఉల్లంఘనను తానే క్రమబద్ధీకరించుకోవడానికి నిబంధనలలో వెసులుబాటు లేదు." టేపు చుట్టేసి నిట్టూర్చాడు. "మేస్త్రీ, మీ మీద నాకు చాలా గౌరవముండేది. మీరు ఈ ఇల్లు మనసు పెట్టి కట్టలేదు."

వారం తిరగకుండా నోటీసు వచ్చింది. అందులో ఇలా ఉంది: ‘పట్టణమందలి సమస్త గృహములు క్రమబద్ధీకరణ పొంది చట్టపరిధిలోనికి వచ్చియుండగా, తమ గృహము మాత్రము నేటి వరకు క్రమబద్ధీకరణ పొందక చట్టపరిధి వెలుపల నిలిచియున్నది. కావున తమపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’

మద్దిలేటి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని, ఉన్న ఒక్క ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కమిషనరు దగ్గరికి వెళ్లాడు.

ఆఫీసు పెళ్లివారి ఇల్లులా ఉంది. చట్టబద్ధ పాలన వారోత్సవాలు జరుగుతున్నాయట. ఆవరణలో ముగ్గులు, రోడ్డుకు అడ్డంగా కట్టిన బ్యానరు మీద ‘చట్టం ముందు అందరూ సమానులే’ అని అడుగెత్తు అక్షరాలు. బ్యానరు తగలకుండా బస్సులు పక్క సందులోంచి తిరిగి వెళ్తున్నాయి. విశ్వంభరం గారు తెల్లగా, పొట్టిగా, ప్రశాంతంగా ఉన్నారు. మద్దిలేటిని కుర్చీలో కూర్చోబెట్టారు, మంచినీళ్లు తెప్పించారు. పాపం, కోపిష్టి మనిషి కాదు.

"మేస్త్రీ గారూ, చట్టబద్ధ పాలన అంటే ఏమిటో మీకు తెలుసా?"

"సదువుకున్నోన్ని కాదు సార్. చట్టంలో యట్లుంటే అట్ల నడుచుకునేదేమో అనుకుంటాండా."

"అది ప్రాథమిక దశ" అన్నారు కమిషనరు గారు దయగా. "ప్రజలు చట్టం దగ్గరికి నడిచి వెళ్లడం వెనుకటి పద్ధతి. వెళ్లలేదు కదా? అందుచేత చట్టమే ప్రజల దగ్గరికి నడిచి వస్తున్నది. ప్రజ ఎక్కడ నిలబడితే అదే గీత. ఇక గీత దాటేవాడు ఎక్కడుంటాడు చెప్పండి? ఈ పట్టణంలో పదకొండు వేల నాలుగు వందల పదకొండు మంది తప్పు చేశారు, పదకొండు వేల నాలుగు వందల పదకొండు మందికీ సమానంగా మాఫీ చేశాం. అదీ సమానత్వం. మీరొక్కరే మాఫీ అవసరం లేదంటున్నారు. అంటే మిగతా వారికంటే అధికులమని మీ అభిప్రాయం. చట్టం ముందు ఎవరూ అధికులు కారు మేస్త్రీ గారూ."

"నేను అధికుణ్ణి కాదు సార్. మా ఆడమనిషికి కొళాయి గావాల. అంతే."

"అదే మేమూ అంటున్నాం. వచ్చే నెల రాజధాని నుంచి బృందం వస్తుంది. నూటికి నూరు శాతం చట్టబద్ధ పట్టణంగా మనల్ని ప్రకటిస్తుంది. ఒక్క ఇల్లు తక్కువైనా ప్రకటన ఆగిపోతుంది. ప్రకటన ఆగితే అందరికీ ఇచ్చిన సర్టిఫికెట్లు తాత్కాలికంగానే మిగిలిపోతాయి. మీ నిజాయితీ వల్ల పదకొండు వేల కుటుంబాలు అక్రమంలో పడిపోతాయి. ఆలోచించండి."

ఈ మాట మద్దిలేటి ఇల్లు చేరేలోపలే సున్నంబట్టీ వీధికి చేరింది. సాయంత్రానికి గుమ్మం ముందు నలభై మంది. అందరికంటే ముందు కుళ్లాయప్ప.

"ఏమప్పా మేస్త్రీ, నువ్వు సత్తెవంతునివి అయ్యేదానికి మేమంతా దొంగలం గావాల్నా?"

"నేను ఎవర్నేమంటి?"

"అనకపోతే ఏముండాది, మూడడుగులు వదిలేసుకుని కూర్చున్యావు గదా ఖాళీగా. వామనుడు అడిగింది గూడా మూడడుగులే. ఆ మూడడుగులతోనే బలిచక్రవర్తి కత ముగిసిపాయ. ఇప్పుడు మా కత ముగించల్లని చూస్తాండావు."

నిన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్లు మొహం తిప్పుకున్నారు. పచారీ కొట్లో సుంకులమ్మకు ఉప్పు లేదన్నారు. కొట్టు నిండా ఉప్పే.

ఇంతలో వారోత్సవాల్లో భాగంగా కమిషనరు గారు ఉల్లంఘన మేళా పెట్టించారు. ఒకే ఒక్క మనిషి కోసం షామియానా, మైకు. బల్లల మీద నమూనాలు: అట్టతో చేసిన సజ్జ, థర్మాకోలు మెట్లు, కాలువ మీద వరండా బొమ్మ. గిరిధర్ బెత్తం పట్టుకుని ఒక్కొక్కటీ వివరించాడు. ఉల్లంఘన ఒక శాతం కంటే తక్కువైతే లెక్కలోకి రాదు, పది శాతం మించితే నిబంధనలకు విరుద్ధం. శాస్త్రీయంగా, పరిమితంగా, పర్యావరణహితంగా ఉల్లంఘించాలి.

"పాలు పొంగించుకున్న ఇంట్లో కొత్తగా కడితే దానికి పర్మిషన్ వద్దా సార్?" అన్నాడు మద్దిలేటి. మేస్త్రీ బుద్ధి ఎక్కడికి పోతుంది.

మంచి ప్రశ్నే. గిరిధర్ రెండు రోజులు ఫైళ్లు తిరగేసి జవాబు పట్టుకొచ్చాడు. పర్మిషన్ ఇస్తే అది ఉల్లంఘన కాకుండా పోతుంది. పర్మిషన్ అడగకపోతే దరఖాస్తుదారుడి వివరాలు కంప్యూటరులో ఉండవు. కాబట్టి మద్దిలేటి పర్మిషన్ అడగాలి, ఆఫీసు కాదనాలి, కాదన్నాక మద్దిలేటి కట్టాలి. అడగకముందే కాదనే కాగితం సిద్ధం చేసి మద్దిలేటి చేతిలో పెట్టాడు: ‘తమ దరఖాస్తు తిరస్కరించడమైనది. ఈ తిరస్కరణను పదిహేను దినములలోగా ధిక్కరించవలెను. గడువు దాటిన పిమ్మట చేయబడు ధిక్కారములు పరిశీలింపబడవు.’

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నాగలకుంటలో కాళ్లు కడిగే పథకం మంజూరైంది గనుక, ముందు అడుసు తొక్కి రమ్మంటున్నారు. మద్దిలేటి తొక్కనన్నాడు. ఆ కాగితాన్ని మడిచి చూరులో దోపాడు. పదిహేను రోజుల్లో పదమూడు రోజులు అక్కడే ఉంది.

పద్నాలుగో రోజున ట్యాంకరు దగ్గర తోపులాటలో సుంకులమ్మ జారిపడింది. బిందె కింద కుడిచెయ్యి పడింది. ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక ఆమె నేరుగా పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేదని మద్దిలేటికి అనిపించింది. ఎదురుగా తొట్టిలో నీళ్లు అడుగంటాయి. ఆయన లేచి చూరులోంచి కాగితం తీశాడు.

బాత్రూం కట్టాలని గిరిధర్ ఖాయం చేశాడు. ఇంటి పక్కన వదిలిన మూడడుగుల సందులో, ఈ గోడ నుంచి ఆ ప్రహరీ దాకా. మద్దిలేటి ఒక్కడే ఇటుక పేర్చాడు. ముప్పయ్యేళ్లలో ఎవరి తప్పు కట్టినా ఇంత బాధ కలగలేదు. చెయ్యి మాత్రం చెయ్యే, గోడ తూకం తప్పలేదు.

"లోపలికి పోతే మోచేతులు గోడకు కొట్టుకుంటాయి సార్. చెంబెత్తి పోసుకునేదానికి కూడా కాదు. తలుపు యాడ పెట్టల్ల?"

"తలుపెందుకు?" అన్నాడు గిరిధర్. "మనకు కావలసింది బాత్రూం కాదు, ఉల్లంఘన. నాలుగు వైపులా మూసేయండి."

మూసేశాడు. ప్రమీల ఫోటో ఎక్కించి, బాత్రూం అని నొక్కింది. కంప్యూటరు సంతోషంగా ముందుకు కదిలింది. రాజధాని బృందం వచ్చింది, చూసింది, ప్రకటించింది. సభలో మద్దిలేటికి శాలువా కప్పారు. చిట్టచివరి పౌరుడు చట్టపరిధిలోకి అడుగుపెట్టిన శుభఘడియ అని కమిషనరు గారు గద్గద స్వరంతో చెప్పారు. కుళ్లాయప్ప అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, వచ్చి కౌగిలించుకున్నాడు. సర్టిఫికెట్ చేతికొచ్చింది. దాంతో పాటే కొళాయి మంజూరు కాగితమూ వచ్చింది.

మర్నాడు రావలసిన ట్యాంకరు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు వీధి వీధంతా ఆఫీసుకు పోతే గిరిధర్ ఓపికగా చెప్పాడు. సర్టిఫికెట్ ఉన్న ప్రతి ఇంటికీ కొళాయి మంజూరైనట్టే. కొళాయి మంజూరైన ఇంటికి ట్యాంకరు నీళ్లు సరఫరా చేయడం నిబంధనలకు విరుద్ధం. పట్టణంలో నూటికి నూరు ఇళ్లకూ సర్టిఫికెట్ ఉంది. కాబట్టి పట్టణంలో నీళ్ల కొరత లేదు. ట్యాంకర్లను వాపసు పంపేశారు.

"నీళ్లు ల్యావు సార్ ఇండ్లల్లో" అన్నాడు కుళ్లాయప్ప.

"అది మీ వ్యక్తిగత అనుభవం" అన్నాడు గిరిధర్.

నాలుగో రోజు నీళ్ల ఇంజనీరు పైపులతో సున్నంబట్టీ వీధికి వచ్చాడు. చూస్తూనే తల పట్టుకున్నాడు. పెద్ద పైపు మద్దిలేటి ఇంటి వెనకనున్న మెయిన్ రోడ్డులో ఉంది. అక్కణ్ణుంచి వీధిలోకి రావాలంటే దారేది? వీధి మొదట్లో రెండు పక్కల మేడల పునాదులు కాలువ మీదుగా వచ్చి ఒకదాన్నొకటి ముట్టుకున్నాయి. మిగతా ఇళ్లు గోడకు గోడ ఆనించుకుని కూర్చున్నాయి. అన్నీ క్రమబద్ధమైన కట్టడాలు, గునపం ముట్టించడానికి వీల్లేదు.

"ఈడ ఒక సందుండాల గదా?" అన్నాడు ఇంజనీరు మ్యాపు తిప్పి చూసుకుంటూ. "మద్దిలేటి ఇంటి పక్కన మూడడుగులు. పోయినేడు మా పైపుల సర్వేలో రాసుకున్నాం. వీధి మొత్తానికీ పైపు పోయేది దాంట్లోనే."

మద్దిలేటి బాత్రూం వైపు చూపించాడు. తలుపులేని ఆ నాలుగు గోడలను చూసి ఇంజనీరు మ్యాపు మడిచేశాడు.

"ఈ మాట ప్లానింగోళ్లకు ముందే చెప్పింటే సరిపోతాండె గదా సార్?" అంది సుంకులమ్మ.

"వాళ్లు మాకు చెప్పరు, మేం వాళ్లకు చెప్పమమ్మా. ఎవరి శాఖ వాళ్లది."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అంటారే, అలా ఉంది వ్యవహారం. మద్దిలేటి పరుగున ఆఫీసుకు పోయాడు. బాత్రూం పడగొట్టుకుంటానన్నాడు. కమిషనరు గారు నొచ్చుకున్నారు. "క్రమబద్ధీకరణ పొందిన ఉల్లంఘన ప్రభుత్వ రక్షణలో ఉంటుంది మేస్త్రీ గారూ. మీరు దాన్ని తొలగిస్తే మీ ఇల్లు మళ్లీ చట్టపరిధి వెలుపలికి పోతుంది. మీతోపాటు పట్టణమూ పోతుంది. ఇంత కష్టపడి మిమ్మల్ని లోపలికి తెచ్చుకున్నాం."

మద్దిలేటి చేతులు కట్టుకుని అంతా విన్నాడు. ఇంటికొచ్చాడు. చొక్కా విప్పి దండెం మీద వేసి, గడ్డపార తీసుకుని బాత్రూం గోడకు మొదటి పోటు వేశాడు.

చప్పుడుకు వీధంతా వచ్చింది. కుళ్లాయప్ప గడ్డపార పట్టుకోబోయాడు. "ఏం జేస్తాండావు? మా కాగితాలు ఏం గావాల?"

"ఆ కాగితాల్ని పిండుకుని తాగుదువులే, వదులు." మద్దిలేటికి అంత కోపం రావడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. "ముప్పయ్యేండ్లు జరపమన్నప్పుడల్లా జరిపినా, మీ మాట ఎప్పుడన్నా కాదంటినా? రూలంటే ఆపీసోళ్ల పీడ అనుకుంటిరి. ఈ మూడడుగులు ఆపీసోళ్లకు వదిలింది గాదప్పా, నీకు వదిలింది. నీ ఇంటికి నీళ్లొచ్చే దారి ఇది. నా చేత్తోనే మూయిస్తిరి గదరా."

కుళ్లాయప్ప గడ్డపార వదిలేశాడు. ఇంటికి పోయి గంప తెచ్చుకుని, రాలిన ఇటుకలు ఎత్తడం మొదలుపెట్టాడు. అతని వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. చీకటి పడకముందే సందు మళ్లీ సందైంది. నీళ్ల ఇంజనీరు ఫోను ఆపేసి, పైనుంచి వద్దని కబురు వచ్చేలోపలే పైపు దించేశాడు. మొదటి కొళాయి మద్దిలేటి గుమ్మంలో బిగించాడు. మిగతా వీధికి పైపు సాగడానికి ఇంకో పది రోజులు పడుతుందన్నాడు.

తెల్లవారేసరికి ఆ కొళాయి ముందు వరస. బిందెలు, కడవలు, నూనె డబ్బాలు, పెళ్లికి కొన్న ఇత్తడి గంగాళం కూడా. నాలుగు రోజులుగా నీళ్లు చూడని జనం. సుంకులమ్మ కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని, కొళాయి పక్కన పీట వేసుకుని కూర్చుంది. నోరు మాత్రం రెండు చేతుల పని చేస్తోంది. "ఇంటికి రెండే బిందెలు. యాయ్, వెనకొచ్చి ముందు పెడతావేమి, తీ అది."

ఎనిమిది గంటలకు జీపు వచ్చింది. కమిషనరు గారు దిగారు, గిరిధర్ దిగాడు. గిరిధర్ చేతిలో నోటీసు: ‘క్రమబద్ధీకరణ పొందిన ఉల్లంఘనను అనుమతి లేకుండా తొలగించి, పట్టణ చట్టబద్ధతకు భంగము కలిగించుట.’ మద్దిలేటి గోడకు ఆనుకుని లేచి నిలబడ్డాడు. వస్తారని తెలుసు, భయం కూడా లేకపోలేదు.

"ఇది చాలా తీవ్రమైన అపరాధం" అని కమిషనరు గారు మొదలుపెట్టారు. అంతలో ఆయన అటెండరు జీపు వెనక నుంచి రెండు స్టీలు బిందెలు దించి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, సరిగ్గా కొళాయి కింద పెట్టాడు. కమిషనరు బంగళాకూ సర్టిఫికెట్ ఉంది మరి. అక్కడా నాలుగు రోజులుగా ట్యాంకరు రాలేదు.

సుంకులమ్మ ఎడమ చేత్తో ఆ బిందెలు ఒకదాని తర్వాత ఒకటి తీసి పక్కన పెట్టింది.

"కమిషనర్ సార్ బిందెలు" అన్నాడు అటెండరు.

"మంచిది. వెనక పెట్టుకో."

గిరిధర్ ముందుకొచ్చాడు. "ఏ నిబంధన ప్రకారమమ్మా?"

"నిబంధనా గినిబంధనా నాకు తెలీదు సార్. ముందొచ్చినోళ్లకు ముందు" అంది సుంకులమ్మ. "కొళాయి మాది, ఇల్లు మాది. నా బిందె ఆరోది. అదో, చూడండి."

అందరూ చూశారు. ఐదు బిందెల వెనక, మూతి సొట్టపోయిన సుంకులమ్మ బిందె ఉంది. దాన్ని పట్టుకుని మద్దిలేటి నిలబడి ఉన్నాడు.

కమిషనరు గారు వరస వైపు చూశారు. ఎవరూ తిట్టలేదు, దండం పెట్టలేదు, దారీ ఇవ్వలేదు. కొళాయి కింద ఎవరిదో బిందె నిండుతోంది. ఆయన పెదవులు తడుపుకున్నారు. గిరిధర్ చేతిలోని నోటీసు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇది నీళ్లు పట్టుకున్న తరవాత ఇస్తాను" అన్నారు మద్దిలేటితో.

"అట్లనే సార్" అన్నాడు మద్దిలేటి.

కమిషనరు గారు చెరో చేత్తో చెరో బిందె పట్టుకుని వీధి చివరి దాకా నడిచి, కుళ్లాయప్ప వెనక నిలబడ్డారు. కుళ్లాయప్ప ఒకసారి వెనక్కి తిరిగి చూసి, తన బిందెను కాలితో కొంచెం ముందుకు జరుపుకున్నాడు.